ఈస్టర్ అయిపోయాక సోమవారం నుంచి ఏం చేయాలి? భక్తి చల్లారిపోకుండా నేను పెట్టుకున్న పద్ధతులు

ఈస్టర్ మర్నాడు సోమవారం తెల్లవారుజామున 4:30కి నా ఫోన్లో అలారం మోగింది. శ్రమదినాల్లో, అంటే ఈస్టర్ ముందు 40 రోజుల ఉపవాస దినాల్లో, లేవడానికి పెట్టుకున్న అలారమే, తీసేయడం మర్చిపోయా. కళ్ళు తెరవకుండానే ఆపేసి పడుకున్నా. మంగళవారం కూడా అంతే. బుధవారం ఇంక రోజూ ఆపడం ఎందుకులే అని డిలీటే చేసేశా. పక్కన టేబుల్ మీద నోట్‌బుక్ ఉంది, రోజుకో పేజీ చొప్పున 40 పేజీలు వాక్యధ్యానం రాసుకున్నా దాంట్లో, 41వ పేజీ తెల్లగా ఉంది, ఆగస్టులో మళ్ళీ తీసి చూస్తే కూడా తెల్లగానే ఉంది.

ఇదేదో ఒక్క ఏడాది జరిగింది అనుకునేరు, నాకు చాలా ఏళ్ళు ఇదే కథ. క్రిస్మస్ అయినా అంతే, 25 దాకా ఊపు, 27కి నీరసం. ప్రతిసారీ నాకు నేను చెప్పుకున్న కారణం కూడా ఒకటే, నా భక్తంతా పైపైదే, పండగ హడావిడి తప్ప లోపల ఏమీ లేదు అని. ఆ లెక్క తప్పని తెలియడానికి టైమ్ పట్టింది. తెలిశాక కొన్ని పద్ధతులు పెట్టుకున్నా, కొన్ని నిలబడ్డాయి, కొన్ని మూడో రోజే పోయాయి. నిలబడినవే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు ఏం జరుగుతుందో చూడండి. పండగ రోజుల్లో మనల్ని నిలబెట్టేవి మూడుంటాయి. టైమ్ ఒకటి, ఆరాధన ఎన్నింటికో ఎవరో నిర్ణయించేస్తారు మనం వెళ్ళి కూర్చుంటే చాలు. రెండోది మనుషులు, పక్కన పదిమంది పాడుతుంటే మన గొంతు కూడా లేస్తుంది. మూడోది ఒంటితో చేసే పని, ఉపవాసం, క్వయర్ ప్రాక్టీసు, కుర్చీలు వేయడం, పిల్లలకి డైలాగులు నేర్పించడం. ఆదివారం మధ్యాహ్నానికి ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి. పందిరి గుంజలన్నీ ఒక్క పూటలో పీకేశాక తీగ కింద పడితే, దానికి వేరు లేదనుకుంటామా? అందుకని పండగ నాటి ఊపునే పట్టుకుని వేలాడే పని పెట్టుకోకండి. ఈ మూడింటికీ చిన్న చిన్న గుంజలు మళ్ళీ పాతుకుంటే చాలు, కింద చెప్పేదంతా దాదాపు దాని గురించే.

మొదటి వారం మాత్రం ఏ నిర్ణయాలూ వద్దు, నిద్రపోండి

ఇది విని నవ్వుతారేమో గానీ నేను సీరియస్‌గానే చెప్తున్నా. బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి చూడండి, కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన మనిషి, 1 రాజులు 18వ అధ్యాయం అది. పేజీ తిప్పితే 19లో అదే మనిషి తనని చంపిస్తానన్న యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని ఇక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అంటున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు, నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. దూత వచ్చి తట్టి లేపి లేచి తిను అన్నాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా లేపి తినమన్నాడు. ఆ బలంతో 40 పగళ్ళు 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. దేవుడి మెల్లని స్వరం విన్నది ఆ తర్వాతే. ముందు నిద్ర, తిండి, తర్వాత స్వరం. పవిత్ర వారంలో రోజూ రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసి ఆదివారం చీకటితోనే లేచినవాళ్ళకి సోమవారం ప్రార్థనలో మనసు నిలవకపోతే దాంట్లో సగం వట్టి అలసటే, దానికి ఆత్మీయ పతనం అని పేరు పెట్టకండి.

ఈ వారంలోనే చేయాల్సిన చిన్న పని ఒకటుంది, వాయిదా వేస్తే మాత్రం పోతుంది. ఈ పండగలో నిజంగా మిమ్మల్ని తాకింది ఏంటో రెండు మూడు లైన్లు రాసి పెట్టుకోండి, ఏ వచనం, ఏ మాట, ఏ పాటలో ఏ చరణం. దేవుడు గొప్పవాడు లాంటివి రాయకండి, అది ఏడాదంతా రాయొచ్చు. సరిగ్గా జరిగింది రాయండి. నాకు ఒకసారి, యేసు ఎవరో తెలీదని చెప్పిన పేతురు కోడి కూత విని వెళ్ళి ఏడ్చిన దగ్గర గుండె ఆగినట్టయింది, ఎందుకంటే అంతకు వారం ముందే నేను ఒక స్నేహితుడి గురించి పదిమందిలో నాకు తెలీదన్నట్టు మాట్లాడాను, అతను పక్క గదిలోనే ఉన్నాడు. అది రాసుకున్నా. మూడు నెలలయ్యాక ఆ కాగితం కనపడితే మళ్ళీ అదే గుచ్చుకుంది, వెళ్ళి అతనితో మాట్లాడింది అప్పుడే. గొర్రెల కాపరులు వచ్చి చెప్పిన మాటల్ని మరియ మనసులో దాచుకుని తలపోసుకుంటూ ఉందని లూకా రాశాడు కదా, కాపరులు వెళ్ళిపోయారు, ఆవిడ దగ్గర మాటలు మిగిలాయి.

అసలు పండగ అయిపోలేదు

ఇది చాలామందికి తెలీదు, నాకూ ఆలస్యంగానే తెలిసింది. సంఘ కాలెండర్ ప్రకారం ఈస్టర్ ఒక్కరోజు పండగ కాదు, పునరుత్థానం ఆదివారం నుంచి పెంతెకొస్తు (శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగిన రోజు) దాకా 50 రోజులు. ఉపవాస దినాలు 40, ఆనంద దినాలు 50, అంటే ఏడుపు కన్నా సంతోషానికే ఎక్కువ రోజులు ఇచ్చారు పెద్దలు, మనం మాత్రం 40 రోజులూ లెక్కపెట్టి మరీ చేసి 50ని ఒక్క పూటలో ముగించేస్తాం. 325లో నీకయ ఊళ్ళో కూడిన సంఘ పెద్దల సభ పెట్టిన నియమాల్లో చివరిది, 20వది, ఏం చెప్తుందంటే ఆదివారాల్లోనూ పెంతెకొస్తు దాకా ఉండే ఈ రోజుల్లోనూ మోకాళ్ళ మీద కాకుండా నిలబడి ప్రార్థించాలి అని. ఏ సంఘంలో ఎలా పాటించినా సరే, ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించి చూడండి, ఈ 50 రోజులూ పొద్దున ప్రార్థన లేచి నిలబడి చేయండి. నేను చేశా, రెండు లాభాలు, ఒకటి నిద్ర రాదు, రెండోది ఒంటికి ఇది మామూలు రోజు కాదని గుర్తుంటుంది. క్రిస్మస్‌కి కూడా అంతే, పాత లెక్కలో 25 నుంచి జనవరి 5 దాకా, అంటే 6న వచ్చే ఎపిఫనీ (జ్ఞానులు బాలయేసుని చూడటానికి వచ్చిన పండగ) ముందు రోజు దాకా, 12 రోజులు నడుస్తుంది, కాబట్టి 26న నక్షత్రం దింపేయడానికి అంత తొందర అక్కర్లేదు.

ఈ 50 రోజుల్లో ఏం చదవాలి అంటే నా సలహా చాలా సింపుల్. మొదటి వారం లూకా 24, యోహాను 20, 21, ఈ మూడు అధ్యాయాలే తిప్పి తిప్పి చదవండి. తర్వాత అపొస్తలుల కార్యములు, 28 అధ్యాయాలు, రోజుకొకటి, సరిగ్గా నాలుగు వారాలు. మొత్తం కలిపి 35 రోజులు, అంటే ఇంకా 15 మిగిలాయి, అవి ఖాళీ రోజులు, తప్పిపోయినప్పుడు వాడుకోవడానికి (తప్పిపోతారు, దాని గురించి కింద చెప్తా). లేదూ మిగిలిన 15 రోజులకి కూడా ఏదో ఒకటి కావాలి అంటే యాత్రకీర్తనలు ఉన్నాయి, 120 నుంచి 134 దాకా సరిగ్గా 15, చాలావరకు చిన్నవి. పండగకి యెరూషలేము ఎక్కి వెళ్ళే జనం దారిలో పాడుకునేవారని చెప్తారు వాటిని.

ఒక్కటి మాత్రం వద్దు. పండగ ఊపులో పెద్ద మొక్కులు వద్దు. నేను ఒకసారి ఈస్టర్ రాత్రే 90 రోజుల్లో బైబిల్ మొత్తం అని మొదలుపెట్టా, మొత్తం 1189 అధ్యాయాలు కదా, రోజుకి 13 పైన పడతాయి. తొమ్మిదో రోజు లేవీయకాండంలో చర్మరోగాల దగ్గర కూలబడ్డా. చదవడం ఆగింది సరే, ఆగిందన్న సిగ్గుతో బైబిలే ముట్టుకోలేదు మూడు వారాలు. ఆ మొక్కే లేకపోతే రోజుకో కీర్తన అయినా చదివేవాణ్ణి కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

టైమ్, చోటు

పది నిమిషాలు చాలు. నిజంగా. శ్రమదినాల్లో గంట చేశారని ఇప్పుడూ గంటే చేయాలని లేదు, కానీ ఆ పది నిమిషాలు రోజూ ఒకే టైమ్‌లో, ఒకే కుర్చీలో ఉండాలి. కొత్తగా టైమ్ వెతకడం కన్నా ఇప్పటికే రోజూ చేసే ఏదో ఒక పనికి అంటించేయండి, పళ్ళు తోముకున్నాక అనో, పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చాక అనో, ఎందుకంటే ఆ పని ఎలాగూ ఆగదు కాబట్టి దాని వెనక ఇదీ వచ్చేస్తుంది. నా 4:30 అలారం ఎందుకు చచ్చిపోయిందో ఇప్పుడు అర్థమవుతోంది, ఆ టైమ్‌కి నాకు వేరే పనేమీ లేదు, దాన్ని లాక్కొచ్చేది ఏమీ లేదు. ఇప్పుడు 6:15కి, స్నానం అయ్యాక, కిటికీ పక్క కుర్చీలో. బైబిల్ ముందు రోజు రాత్రే ఆ కుర్చీలో తెరిచి పెడతా, పొద్దున కూర్చోవాలంటే దాన్ని చేతిలోకి తీసుకోక తప్పదు.

ఫోన్ మాత్రం ఇంకో గదిలో. యాప్‌లో చదువుతా అంటారు, చదవండి, కానీ వచనం చదువుతుంటే పైనుంచి నోటిఫికేషన్ దిగుతుంది, ఒక్కసారి చూద్దాం అని వెళ్ళి ఇరవై నిమిషాలకి వస్తాం, వచ్చేసరికి ఏ అధ్యాయమో కూడా గుర్తుండదు. కాగితం బైబిల్‌కి ఆ బాధ లేదు.

ప్రార్థనకి మాటలు రాకపోతే కీర్తనల్లో మాటలు అప్పు తెచ్చుకోండి. 117 ఉంది రెండే వచనాలు, 121 ఎనిమిది వచనాలు. మనసు మరీ బాలేనప్పుడు 88 చదవండి, ఎందుకంటే అది చివర్లో కూడా తేలిక పడదు, చీకటిలోనే ఆగిపోతుంది, అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందంటే మన ప్రార్థనకి కూడా చోటుంటుందిగా.

వదిలేసినవి తిరిగొస్తాయి, వడ్డీతో సహా

శ్రమదినాల్లో ఏదో ఒకటి వదిలేస్తాం కదా, సోషల్ మీడియానో, తీపో, సినిమాలో. ఆదివారం సాయంత్రానికి అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. 40 రోజులు తెరవని యాప్ ఆ రాత్రి రెండింటి దాకా చూసింది నేనే. పండగ తర్వాత మనం చల్లారిపోవడానికి సగం కారణం ఇదే అని నా అనుమానం, ప్రార్థన తగ్గింది అని బాధపడతాం గానీ ప్రార్థన ఉన్న చోట ఏది వచ్చి కూర్చుందో చూడం.

అందుకని నేను చేసేది ఏంటంటే వదిలేసినవాటిలో ఒక్కదాన్ని వారానికి ఒక్కరోజు వదిలేస్తూనే ఉంటా. ఇది శ్రమదినాల లెక్కలోనే తిరగేసి ఉంది చూడండి, శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులొస్తాయి, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40, అంటే వారంలో ఒక్కరోజు విడుపు, మిగతా ఆరు కట్టు. పండగ తర్వాత దాన్ని ఉల్టా చేయండి, ఆరు రోజులు విడుపు, ఒక్కరోజు కట్టు. నాకు శుక్రవారం. శుక్రవారం సాయంత్రం ఆ యాప్ తెరవను, ఆ గంటలో ఎవరికైనా ఫోన్ చేస్తా. పెద్ద త్యాగమేమీ కాదు, కానీ ఒక్క గుంజ నిలబడి ఉంటుంది.

ఒక్క మనిషి

ఎమ్మాయు అనే ఊరి దారిలో నడిచిన ఇద్దరు శిష్యులూ పునరుత్థానం జరిగిన రోజే మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోతున్నారు, యెరూషలేముకి వీపు తిప్పి. పండగ రోజు సాయంత్రం దిగులు మనకి కొత్త కాదన్నమాట. కానీ వాళ్ళు ఇద్దరు, మాట్లాడుకుంటూ నడుస్తున్నారు, యేసు వచ్చి కలిసింది ఆ మాటల మధ్యలోనే. గ్రూపు పెట్టుకోమంటారు అందరూ, నాకు గ్రూపుల మీద పెద్ద నమ్మకం లేదు. మా గ్రూపులో ఈస్టర్ రోజు మెసేజ్‌లు చదవలేక చచ్చాం, తర్వాతి ఆదివారానికి పువ్వుల బొమ్మలూ గుడ్ మార్నింగులే మిగిలాయి. ఒక్క మనిషిని పట్టుకోండి. వారానికి ఒకసారి, ఒకే రోజు, పదిహేను నిమిషాలు. అడగాల్సింది కూడా రెండే, ఈ వారం ఏం చదివావు, ఎక్కడ ఆగిపోయావు. బాగున్నావా అని అడిగితే బాగున్నా అంటాం, అక్కడితో అయిపోతుంది. మీకన్నా బాగా ప్రార్థించేవాళ్ళని ఎంచుకోవాలని కూడా లేదు, అబద్ధం చెప్పని వాళ్ళయితే చాలు.

దీంతో పాటు చేతికి ఒక పని. సంఘంలో పండగకి చేసిన పనిలో ఒక ముక్క ఏడాదంతా ఉంచుకోండి, కుర్చీలు సర్దడమో, సండే స్కూల్లో పిల్లలకి సాయం చేయడమో, ఆరాధనకి రాలేని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక అధ్యాయం చదివి రావడమో. మీకు మనసు లేని ఆదివారం కూడా ఆ కుర్చీలు సర్దాలి కాబట్టి వెళ్తారు, వెళ్ళాక పాట వినపడుతుంది. కాకపోతే పండగకి నాలుగు పనులు నెత్తినేసుకున్నవాళ్ళు ఇప్పుడు మూడు దింపేయండి, అన్నీ మోస్తే మళ్ళీ చెట్టు కింద ఏలీయానే.

తప్పిపోయిన రోజు

తప్పిపోతారు. రెండు రోజులు, ఒక్కోసారి వారం. అప్పుడు నా రూలు ఒకటే, బాకీ కట్టొద్దు. ఐదు రోజులు చదవలేదని ఆరో రోజు ఆరు అధ్యాయాలు చదవొద్దు, ఆ రోజుది ఆ రోజు చదివి లేవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం మన్నా, ఏ రోజుది ఆ రోజే, రేపటికని దాచుకుంటే పురుగు పట్టింది కదా, నిన్నటిది ఇవాళ పోగేయడం కూడా అలాగే పాడవుతుంది. అందుకే ఆ 15 ఖాళీ రోజులు వదిలింది. బాకీ కట్టడం మొదలుపెట్టగానే వాక్యం హోంవర్క్ అయిపోతుంది, హోంవర్క్ అంటే చిన్నప్పుడే మనకి పడదు. నా 41వ పేజీ మొన్నటి ఏడాది నిండింది లెండి, దాంట్లో ఒక్కటే లైన్ ఉంది, నిద్ర వచ్చింది అయినా కూర్చున్నా అని.

అన్నీ చేసినా ఏమీ అనిపించకపోతే

ఇది అసలు కష్టం. టైమ్‌కి కూర్చుంటారు, చదువుతారు, లోపల ఎడారి. 16వ శతాబ్దంలో, జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా దీని గురించి చాలా ప్రాక్టికల్‌గా రాశాడు, మనసు ఎండిపోయి ఉన్న రోజుల్లో, మనసు బాగున్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు అని. అంటే పది నిమిషాలు అనుకున్నది ఎండిన రోజున ఐదుకి తగ్గించొద్దు, ఆయనైతే ఇంకో నిమిషం ఎక్కువే కూర్చోమంటాడు. అలాగే మనసు బాగున్న రోజుల్లోనే రాబోయే ఎండ గురించి ఆలోచించి పెట్టుకోమన్నాడు, నేను పైన రాసిపెట్టుకోమన్న ఆ రెండు మూడు లైన్లు అందుకే పనికొస్తాయి. మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో బయటికి వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు, దశాబ్దాల పాటు ఆవిడకి ప్రార్థనలో చీకటి తప్ప ఏమీ తెలియలేదట, అయినా పొద్దున లేవడం, ప్రార్థన, రోగుల దగ్గరికి వెళ్ళడం ఏదీ ఆపలేదు. అనిపించడం వేరు, ఉండటం వేరు.

కానీ ఒక హెచ్చరిక. ప్రార్థన ఒక్కటే కాకుండా తిండి, నిద్ర, పని, మనుషులు ఏదీ పట్టకుండా రెండు వారాలు దాటిపోతే అది ఆత్మీయ సమస్య అని ఊరుకోకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, పాస్టర్ గారికో ఫాదర్ గారికో కూడా చెప్పండి. ఇంకా గట్టిగా ప్రార్థించు పోతుంది అనేవాళ్ళ మాట అప్పుడు వినొద్దు.

ఇక చివరిగా, ఇదంతా చదివి కొందరు అనుకోవచ్చు, మీకు పండగలో ఏదో దొరికింది కాబట్టి నిలబెట్టుకునే గొడవ, నాకు పండగ రోజు కూడా ఏమీ దొరకలేదు, అందరూ ఏడుస్తుంటే నేను వాచీ చూసుకున్నా అని. యేసు లేచి శిష్యులకి కనపడిన ఆ మొదటి ఆదివారం, శిష్యుల్లో ఒకడైన తోమా కూడా అక్కడ లేడు. మిగతా పదిమంది చూశాం చూశాం అంటుంటే తను చూడలేదు, నేను నమ్మను అనే అన్నాడు మొహం మీదే. యోహాను 20లో ఆ తర్వాత మాట, ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు మళ్ళీ లోపల ఉన్నప్పుడు తోమా వాళ్ళతో ఉన్నాడు అని. నమ్మకుండానే వాళ్ళని వదలకుండా ఉన్నాడు చూడండి, తలుపులు వేసున్న ఆ గదిలోనే. కాబట్టి ఈస్టర్ తర్వాత వచ్చే ఆదివారం, సంఘంలో సగం కుర్చీలు ఖాళీగా ఉండే ఆ ఆదివారం, ఏమీ అనిపించకపోయినా సరే వెళ్ళి కూర్చోండి.